సెక్రటరీ కుర్చీలు మోస్తే సరిపోతుందా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది విజయవాడ, సింగ్ నగర్ వైపు. నాకు ముప్పై ఆరేళ్ళు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో చేస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా పేటలన్నీ మునిగినప్పుడు మా చర్చి సంఘం యూత్‌తో కలిసి నడుంలోతు నీళ్ళలో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచాం. అది చూసి మరుసటి జనవరిలో నన్ను సంఘానికి సెక్రటరీగా ఎన్నుకున్నారు. ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగాడు, నాయకుడంటే సేవకుడే అనుకుని మొదటి ఆదివారం నుంచీ పనులన్నీ నేనే చేస్తున్నాను. పొద్దున ఆరున్నరకే వెళ్ళి గేటు తీసి, పట్టాలు పరిచి, కుర్చీలు వేసి, మైకు సెట్ చేసి, ఆరాధన అయ్యాక అన్నీ సర్ది తాళం వేసి ఇంటికి వచ్చేసరికి మూడవుతుంది. మొదట్లో నలుగురు కుర్రాళ్ళు సాయం వచ్చేవాళ్ళు. ఇప్పుడు "సెక్రటరీ అన్న చూసుకుంటాడులే" అంటున్నారు.

కమిటీలో మాత్రం నా మాట చెల్లదు. ట్రెజరర్ గారు నాకు పెదనాన్న వరస. రెండేళ్ళుగా ఆయన లెక్కలు చదవలేదు. అడిగితే వినయం లేదంటారేమోనని ఊరుకున్నాను. ఒకసారి పాస్టర్ గారి దగ్గర ఎత్తితే "అభిషిక్తులను ముట్టకూడదు బాబూ, ప్రార్థన చెయ్యి" అన్నారు. క్రిస్మస్‌కి విధవరాండ్రకు చీరలు పంచుతాం. ఆ లిస్టు పాత కుటుంబాల పెద్దలే రాస్తారు. వెనక కొత్త కాలనీ నుంచి వచ్చే అమ్మలెవరూ అందులో ఉండరు. పోయినసారి ఒకావిడ నా చేయి పట్టుకుని "మేం విధవరాళ్ళం కాదా అయ్యా?" అంది. నాకు నోట మాట రాలేదు. మా ఆవిడేమో "నువ్వు సెక్రటరీవా, వాచ్‌మన్‌వా?" అంటోంది. సేవక నాయకత్వం అంటే ఇదేనా? లెక్కలు అడిగితే గర్వమా? ఒకటే టెన్షన్‌గా ఉంది. రాజీనామా చేసేయమంటారా?
ఒక తమ్ముడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, మీ ఆవిడ అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఉత్తరం మొత్తంలో సూటిగా ఉన్నది అదే. మీరిప్పుడు చేస్తున్నది వాచ్‌మన్ పనే. అందులో చిన్నతనమేమీ లేదు, ఆ పనీ ఎవరో ఒకరు చేయాలి. కాకపోతే సెక్రటరీ పని ఎవరూ చేయట్లేదు. గేటు తీయడానికి, మైకు పెట్టడానికి ఎవరైనా సరిపోతారు. లెక్కలు చదివించడానికి, లిస్టులో ఎవరు తప్పిపోయారో చూడటానికి సంఘం చేతులెత్తి ఒక మనిషిని పెట్టుకుంది. ఆ మనిషి ఆదివారం పూట కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

గట్టిగా అంటున్నానని నొచ్చుకోకండి. కుర్చీలు మోస్తే నడుం పట్టేస్తుంది గానీ ఎవరితోనూ మాట పడే పని లేదు. పైగా "ఎంత తగ్గింపు గల మనిషో" అని పేరొస్తుంది. పెదనాన్నని లెక్కలు అడిగితే మొహాలు మాడతాయి, పెళ్ళిళ్ళలో పలకరింపులు తగ్గుతాయి. ఈ రెండు బరువుల్లో మీరు ఏది ఎత్తుకున్నారో, ఎందుకు ఎత్తుకున్నారో మీరే చూసుకోండి. మీ వినయం నిజమైనదే, దాన్ని శంకించను. దాని పక్కనే కాస్త భయం కూడా కూర్చుని ఉందని మాత్రం నాకనిపిస్తోంది.

కాళ్ళు కడిగిన సంగతి మీరే ఎత్తారు కాబట్టి యోహాను సువార్త 13వ అధ్యాయం తెరవండి. మట్టి రోడ్ల మీద చెప్పులతో నడిచి వచ్చే దేశం. భోజనానికి కూర్చునే ముందు కాళ్ళు కడగడం ఆ ఇంట్లో అందరికన్నా కింద ఉన్న పనివాడి వంతు. ఆ రాత్రి ఆ గదిలో పనివాడు లేడు, శిష్యుల్లో ఒక్కడూ లేవలేదు. ఎందుకు లేవలేదో లూకా సువార్త చదివితే ఊహించవచ్చు. తమలో ఎవరు గొప్ప అని వాళ్ళు అదే రాత్రి వాదులాడుకుంటున్నారు. అప్పుడు యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోశాడు. ఆ వరసలో తెల్లారేలోపు తనని పట్టించబోయే యూదా కూడా ఉన్నాడు.

మన ప్రసంగాలు మామూలుగా ఈ తువాలు దగ్గరే ఆగిపోతాయి. తర్వాతి వచనాలు చదవండి. ఆయన కడగడం పూర్తి చేసి, పైవస్త్రం మళ్ళీ వేసుకుని, తన చోటులో తిరిగి కూర్చున్నాడు. కూర్చుని ఏమన్నాడు? "బోధకుడనియు ప్రభువనియు మీరు నన్ను పిలుచుచున్నారు, నేను అట్టివాడను గనుక మీరిట్లు పిలుచుట న్యాయమే" అన్నాడు. కాళ్ళు కడిగినంత మాత్రాన తన స్థానాన్ని వదులుకోలేదు, దాచుకోలేదు, దానికి క్షమాపణ చెప్పలేదు. ఆ స్థానంలో ఉండే వాళ్ళకొక పని అప్పగించాడు. "మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలసినదే." మీ సంఘంలో జరుగుతున్నదేమిటి? ఒకరు కడుగుతున్నారు, మిగతా అందరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అది నేర్పింది ఎవరో కాదు, రోజూ తువాలు పట్టుకుని నిలబడి మీరే నేర్పారు.

ఇంకొకటి. మార్కు సువార్త ప్రకారం అదే వారంలో ఆయన దేవాలయంలోకి వెళ్ళి రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోశాడు. బీదలు కొనుక్కునే పావురాల దగ్గర కూడా వ్యాపారం నడుస్తున్న చోటు అది. తువాలు కట్టుకున్నవాడూ, బల్లలు తోసినవాడూ ఒక్కడే. మనం మొదటిదాన్ని క్యాలెండర్ బొమ్మగా వేసుకుంటాం, రెండోదాన్ని ఆయనకే వదిలేస్తాం.

మార్కు పదో అధ్యాయంలో యాకోబు, యోహాను అనే ఇద్దరు శిష్యులు వచ్చి కుడివైపు ఒకరం, ఎడమవైపు ఒకరం కూర్చుంటామని అడిగినప్పుడు మిగతా పదిమందికి కోపం వచ్చింది. వీళ్ళకి అంత అత్యాశ ఏమిటని కాదు, తమకన్నా ముందు అడిగేశారనేమో. యేసు వాళ్ళందరినీ దగ్గరికి పిలిచి, అన్యజనుల అధికారులు వాళ్ళ మీద ప్రభుత్వం చేస్తారు, మీలో అలా ఉండకూడదు అన్నాడు. "గొప్పవాడై యుండగోరినయెడల వాడు మీకు పరిచారము చేయువాడై యుండవలెను" అన్నాడు. అధికారమే వద్దని ఆయన ఎక్కడా అనలేదు. ఆ అధికారం ఎవరి మేలు కోసం పనిచేస్తోంది అన్నదే ఆయన పట్టుకున్నది. మీకు సంఘం ఇచ్చిన అధికారం ఇప్పుడు ఎవరికి మేలు చేస్తోందో చెప్పండి. లేటుగా వచ్చి సిద్ధంగా ఉన్న కుర్చీలో కూర్చునేవాళ్ళకి. లెక్కలు చెప్పక్కర్లేని వాళ్ళకి. కొత్త కాలనీ అమ్మకి మాత్రం ఏమీ అందలేదు.

ఈ 'సర్వెంట్ లీడర్‌షిప్' అన్న మాట ఇప్పుడు మీ కంపెనీ ట్రైనింగుల్లో కూడా వినే ఉంటారు. 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాసి దాన్ని ఆఫీసుల్లోకి తెచ్చాడు. టెలిఫోన్ కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన మనిషి. స్లైడ్ల మీద ఆ మాట చూసినప్పుడల్లా నాకు కొంచెం చిరాకే. కానీ ఆయన పెట్టిన పరీక్ష మాత్రం మీకు పనికొస్తుంది. మీ సేవ అందుకున్నవాళ్ళు ఎదుగుతున్నారా? వాళ్ళు కూడా సేవ చేసేవాళ్ళుగా తయారవుతున్నారా? అందరికన్నా వెనకబడ్డవాళ్ళకి దీనివల్ల మేలు జరుగుతోందా, కనీసం ఇంకా నష్టం జరగకుండా ఉందా? సాయం వచ్చే నలుగురు కుర్రాళ్ళు మానేశారు. చేయి పట్టుకుని అడిగిన ఆవిడ ఖాళీ చేతులతో వెళ్ళింది. మార్కులు మీరే వేసుకోండి.

ఇప్పుడు చీరల సంగతి. ఇది లెక్కల కన్నా ముందు చూడాల్సింది.

ఈ గొడవ మీ సంఘంలో కొత్తగా పుట్టలేదు. యెరూషలేము సంఘం పుట్టిన కొత్తలోనే వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. రోజూ పంచే ఆహారంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. పంచేది స్థానికులు, తప్పిపోతున్నది బయట నుంచి వచ్చినవాళ్ళు. సరిగ్గా మీ పాత కుటుంబాలు, కొత్త కాలనీ లాగానే. అపొస్తలులు ఏం చేశారో చూడండి. "సణగకండి, ప్రార్థన చేయండి" అనలేదు. తామే వెళ్ళి గరిటె పట్టుకుని పంచడమూ మొదలుపెట్టలేదు, మీరైతే బహుశా అదే చేసేవారు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. జనం ఎన్నుకున్న ఆ ఏడుగురి పేర్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఆ కాలంలో కొందరు స్థానిక యూదులూ గ్రీకు పేర్లు పెట్టుకునేవారు గానీ, ఏడుకి ఏడూ అవే కావడం చూస్తే ఎవరికి అన్యాయం జరిగిందో ఎక్కువగా ఆ వైపువాళ్ళ చేతికే పంపకం అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. నీకొలాసైతే యూదుడుగా పుట్టినవాడు కూడా కాదు, అంతియొకయ పట్టణం నుంచి వచ్చి యూదు మతంలో కలిసినవాడు.

కాబట్టి వచ్చే కమిటీలో కొత్త కాలనీ పేర్లు నాలుగు చేర్చమని బతిమాలి ఊరుకోకండి. లిస్టు రాసే చోట కొత్త కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు కూర్చోవాలని తీర్మానం పెట్టండి. మిమ్మల్ని అడిగిన ఆవిడని అందులో తప్పకుండా పెట్టండి. అంతమంది మధ్య సెక్రటరీ చేయి పట్టుకుని అడగగలిగిన మనిషికి ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కూడా తెలుస్తుంది.

ఆ పంచే పద్ధతి గురించి మీరేమీ రాయలేదు. చాలా సంఘాల్లో చూసిందే చెబుతాను. మీ దగ్గర ఇలా జరగకపోతే సంతోషం. స్టేజి మీద బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ కవర్లలో చీరలు. వన్‌టౌన్‌లో వస్త్రలతకు వెళ్ళి టోకున తెచ్చినవి, అన్నీ ఒకే రకం. విధవరాండ్రు కదా అని వెలిసిపోయినట్టుండే రంగులే. మైకులో పేరు చదువుతారు. డెబ్భై ఏళ్ళ అమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ మెట్లు ఎక్కుతుంది. చీర ఆమె చేతిలో పెడతారు గానీ దాత రెండో కొస వదలడు, ఫోటో ఇంకా పడలేదు. "అమ్మా, ఇటు చూడు" అంటాడు ఫోను పట్టుకున్న కుర్రాడు. ఆమె ఇటు చూస్తుంది. "ఇంకొకటి" అంటాడు. రెండో ఫోటో కూడా అయ్యాక గానీ చీర ఆమెది కాదు. ఆ ఫోటో సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది, ఆవిడ మనవడి ఫోనులో కూడా.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు, 1912లో. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన లేచి మాట్లాడారు. ఎదురుగా ఉన్నవాళ్ళంతా ఈ దేశానికి స్కూళ్ళు, ఆసుపత్రులు తెచ్చి, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్న మిషన్ల మనుషులు. మీ త్యాగాలకు భారత సంఘం తరతరాలు కృతజ్ఞతతో ఉంటుంది, మీరు మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలే ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటే ఆ మేలు అందుకునేవాళ్ళకి ఎలా ఉంటుందో, సభలో సొంతవాళ్ళ ముందు చెప్పడానికే మనం జంకుతాం. ఆయన తమకు జీతాలు, గ్రాంట్లు ఇచ్చేవాళ్ళ ముందే చెప్పారు.

అందుకని ఈ క్రిస్మస్‌కి స్టేజి వద్దనండి. రంగు రంగుల చీరలు తెప్పించండి, ఖరీదు మాత్రం ఒకటే ఉండాలి. మందిరంలో పట్టా మీద పరిచి అమ్మలని వచ్చి నచ్చింది తీసుకోమనండి. నడవలేనివాళ్ళ ఇంటికి ఇద్దరు వెళ్ళి రెండు మూడు రంగులు చూపించి, కాసేపు కూర్చుని, టీ ఇస్తే తాగి రండి. ఫోటో లేకపోతే దాతలు ఇవ్వరని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒకరిద్దరు మానేస్తారు కూడా. మానేయనివ్వండి.

గుణదల ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళని అడిగితే పవిత్ర గురువారం నాడు గురువు పన్నెండుమంది కాళ్ళు కడిగే ఆచారం గురించి చెబుతారు. చాలాకాలం నియమం ప్రకారం అవి మగవాళ్ళ కాళ్ళే అయ్యుండాలి. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములో మైనర్ల జైలుకు వెళ్ళి అక్కడి పిల్లల కాళ్ళు కడిగారు. వాళ్ళలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. 2016లో నియమాన్నే మార్చారు. తువాలు పట్టుకోవడం ఒక ఎత్తయితే, ఎవరి కాళ్ళ దగ్గర కూర్చున్నామన్నది ఇంకో ఎత్తు. ఇంటి దగ్గర సబ్బుతో కడుక్కుని, సాక్సులు విప్పి సిద్ధంగా కూర్చున్న కాళ్ళు ఎవరైనా కడుగుతారు.

ఇక లెక్కలు. అడగడం గర్వమా అన్నారు. సమూయేలు ప్రవక్త ముసలితనంలో జనం మధ్య నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం తిన్నానా చెప్పండి, ఇచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు డబ్బు ఒక్కడే పట్టుకెళ్ళలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచుకున్న మనుషులను కూడా పంపాడు. ఎందుకో రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో తనే రాశాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలట. అపొస్తలుడైన పౌలుకే అవసరమనిపించింది మన కమిటీలకి అవమానమెందుకయిందో నాకు అర్థం కాదు.

పాస్టర్ గారు చెప్పిన "అభిషిక్తులను ముట్టకూడదు" అన్నది 105వ కీర్తనలోది. ఆయనని తప్పుపట్టడానికి కాదు గానీ, ఆ కీర్తన మొత్తం ఒకసారి చదవండి. అభిషిక్తులంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళు. అక్కడ ఆ మాట అన్నది అబ్రాహాము ఇంటివాళ్ళ గురించి, లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేక దేశం నుంచి దేశానికి తిరిగేవాళ్ళు. వాళ్ళ జోలికి వెళ్ళొద్దని దేవుడు గద్దించింది రాజులను. బలవంతుల నుంచి బలహీనులను కాపాడటానికి చెప్పిన మాట అది. దాన్ని తిప్పి లెక్కలు అడిగేవాళ్ళ మీదకి విసిరితే ఎలా? దావీదు కూడా తనను తరుముతున్న సౌలు రాజు గుహలో చేతికి చిక్కినప్పుడు, చంపను, ఆయన అభిషిక్తుడు అన్నాడు. నిజమే. కానీ సౌలు అంగీ చెంగు కోసి, బయటికి వచ్చి, ఆ చెంగు చూపిస్తూ కేకవేసి మరీ అడగాల్సింది అడిగాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖి ఎదిరించాడు. ఆ పేతురే తర్వాత పెద్దలకు రాస్తూ "ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి" అన్నాడు.

పట్టుబట్టి అడగడానికీ సేవకుడి మనసుకీ వైరం ఏమీ లేదు. మీ పక్కనే గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ఉంది కదా. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు ఆమెను పంపిన మిషన్ బోర్డు వైద్యం పనికి ఇంకా సిద్ధంగా లేదు. ఆమెకు అప్పగించింది వేరే పని. ఆమె ఆ పనీ చేస్తూ, రోగులనూ చూస్తూ, ఆడవాళ్ళకు ఆసుపత్రి కావాలని అడుగుతూనే ఉంది. 1898లో ఆసుపత్రి తెరిచారు. బోర్డు ఏదంటే అదేనని తలూపి ఊరుకుంటే ఆమెకి కూడా తగ్గింపు గల మనిషని పేరొచ్చేది. గుంటూరు ఆడవాళ్ళు మాత్రం మగ డాక్టరు దగ్గరికి వెళ్ళలేక ఇళ్ళలోనే ఉండిపోయేవాళ్ళు.

పెదనాన్న గారి దగ్గరికి మామూలు రోజు సాయంత్రం వెళ్ళండి. ఆదివారం మందిరంలో వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ముందు ఒంటరిగా మాట్లాడమని ప్రభువే మత్తయి 18లో చెప్పాడు. "పెదనాన్నా, జనవరిలో సర్వసభ్య సమావేశం ఉంది. లెక్కలు చదవాల్సింది మీరు, మినిట్స్ రాయాల్సింది నేను. రసీదు పుస్తకాలు, పాస్‌బుక్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చుందాం, కంప్యూటర్లో నేను ఎక్కిస్తాను" అనండి. ఇలాంటివాటిలో చాలాసార్లు దొంగతనం ఏమీ ఉండదు. బిల్లులు ఒక క్యారీబ్యాగ్‌లో ఉంటాయి, కొన్ని చొక్కా జేబులో ఉతుక్కుపోయుంటాయి. అద్దె షామియానాకి ఇచ్చింది రాసుకోలేదు. రెండు మూడు వేలు తేడా వస్తుందని ఆయనకీ తెలుసు, ఆ సిగ్గుతోనే రెండేళ్ళు దాటేశారు. మీరు అకౌంట్స్ మనిషి. ఆయనకి మీరు చేయగల నిజమైన సేవ ఇదే, ఆ క్యారీబ్యాగ్ పక్కన ఓపికగా కూర్చోవడం. తేడా వస్తే "వివరం దొరకలేదు" అని ఒక వరస రాసి చదవమనండి. సంఘం అర్థం చేసుకుంటుంది. ముఖ్యంగా వరదలప్పుడు బయట నుంచి వచ్చిన సాయం ఎంత, దేనికి ఖర్చయింది అన్నది విడిగా రాయండి. ఆ డబ్బు మీ సంఘానిది కూడా కాదు.

ఆయన కుదరదంటే? అజెండా రాసే హక్కు సెక్రటరీది. "ఆదాయ వ్యయాల నివేదిక" అని రెండో అంశంగా రాసి, నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ ముందురోజే పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, ఇలా పెడుతున్నాను, మీకు ముందు చెబుదామని వచ్చాను" అనండి. అనుమతి అడగొద్దు, తెలియజేయండి. మీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే లెక్కలు సభ్యుల ముందు పెట్టడం చట్టం కూడా అడిగేదే, ఆ మాట అవసరమైతేనే ఎత్తండి. ఇకమీదట ఆదివారం కానుక అక్కడికక్కడే ఇద్దరు లెక్కపెట్టి సంతకాలు చేయాలి, చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, మూడు నెలలకోసారి ఒక కాగితం గోడ మీద అతికించాలి. ఇది ట్రెజరర్ గారిని అనుమానించడానికి కాదని చెప్పండి, రేపు ఎవరూ ఆయనను ఒక మాట అనకుండా ఉండటానికే అనండి. అబద్ధం కూడా కాదు.

కుర్చీల గురించి పెద్దగా చెప్పేది లేదు. తాళాలకి రెండు డూప్లికేట్లు చేయించి ఆ కుర్రాళ్ళలో ఇద్దరికి ఇవ్వండి. నెలకి నాలుగు ఆదివారాలకి పేర్లు రాసి అతికించండి. ఒక ఆదివారం మీ పేరు ఉండాలి, ఇంకో ఆదివారం కమిటీ పెద్దల పేర్లు, వీలైతే పాస్టర్ గారి అబ్బాయి పేరు కూడా. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో వచ్చి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు, అల్లుడు ఆ మాట విన్నాడు. మొదటి రెండు వారాలు మైకు కుయ్యిమంటుంది, పట్టాలు వంకరగా పరుస్తారు. మీకు చేతులు దురదపెడతాయి. లేవకండి. పాట మొదలయ్యే వేళకి మీ ఆవిడతో, పిల్లలతో కలిసి వచ్చి వాళ్ళ పక్కన కూర్చోండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంట్లో అన్నం తినండి. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళతో భోజనానికి కూడా తీరిక లేనప్పుడు శిష్యులను ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నది కూడా ప్రభువే. వారమంతా ఇంటిపని, పిల్లలు, వచ్చే పోయే చుట్టాలు అన్నీ ఆవిడ మీదే పడ్డాయని ఉత్తరంలో మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉంది.

రాజీనామా ఇప్పుడు వద్దు. ఇప్పుడు మానేస్తే లెక్కలు అడగకుండానే తప్పుకున్నట్టవుతుంది, లిస్టు పాత లిస్టే ఉంటుంది. జనవరి సమావేశం దాకా ఉండండి. లెక్కలు చదివించి, చీరల కమిటీ తీర్మానం మినిట్స్‌లో ఎక్కించి, సభ్యుల సంతకాలు తీసుకోండి. ఆ తర్వాత ఎన్నికల్లో మిమ్మల్ని దించేస్తే దిగండి, గొడవపడకండి, వేరే సంఘానికి వెళ్ళిపోకండి. మినిట్స్ పుస్తకం, అకౌంట్స్ ఫైలు, కొత్త కాలనీ అమ్మల పేర్లు, ఇంటి నంబర్లు ఉన్న కాగితం కొత్త సెక్రటరీ చేతికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.